ముందుగాల చెప్పాల్సిన మాట

ఊపిరి తీసిన ప్రతిసారీ ప్రణాలి పక్కటెముకల కింది చర్మం లోపలికి గుంజుకుపోతోంది. తిరుపతమ్మ మంచం అంచున కూర్చుని, కూతురి ముక్కు దగ్గర ఆక్సిజన్ పైపును వేలితో నొక్కి పట్టుకుంది. అలా పట్టుకోమని ఎవరూ చెప్పలేదు. వేలు తీస్తే గాలి ఆగిపోతుందని ఆమెలో ఏదో మొండి నమ్మకం.

పొద్దున మహారాష్ట్ర సరిహద్దులోని వాళ్ల ఊరు లక్కడ్‌కోట్ నుంచి జీపులో చంద్రపూర్‌లోని ఈ పిల్లల దవాఖానకు తెచ్చేసరికే పిల్ల పెదవులు నల్లబడ్డాయి. న్యుమోనియా అన్నారు. పైపు పెట్టారు. మందు ఇంకా మొదలుపెట్టలేదు.

డాక్టర్ దుర్గేష్ వచ్చాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి బల్లార్‌పూర్‌లో స్థిరపడిన కుటుంబం అతనిది. తెలుగు తల్లులుంటే పెద్ద డాక్టరు అతన్నే పంపుతాడు.

"భయపడకండక్కా. దీనికి సూదిమందు ఉంది, తాగే మందూ ఉంది. రెండూ పనిచేస్తాయనే మా నమ్మకం. ఏది మేలో తేల్చడానికి పరిశోధన చేస్తున్నాం. మూసిన కవరు ఒకటి తెరుస్తాం, అందులో ఏది వస్తే పాపకు అది ఇస్తాం. మీరు ఒప్పుకుంటే..."

"ఒప్పుకుంటం సారు," అంది అత్త సారక్క, అతని మాట పూర్తికాకముందే. తర్వాత కోడలి చెవి దగ్గరికి వంగింది. "మనోడే గదనే. ఊ అను."

"ఇత్తునాలు అమ్మినాయన గూడ మనోడే గదా అత్తమ్మా."

"దవాఖానకు పత్తిచేను మోసుకొచ్చినవా ఏందే?"

మోసుకొచ్చింది నిజమే. కిందటేడు ఏదో కొత్త విత్తనాల కంపెనీ మనిషి మోటరు సైకిలు మీద వచ్చి, అరుగు మీద కూర్చుని, అక్కా అంటూ మంచినీళ్లడిగి తాగాడు. రాజురా బజారులో విత్తనాల కొట్లలో అందరూ మరాఠీలో బేరమాడేవాళ్లే. తెలుగులో అంత మెత్తగా మాట్లాడినవాడికి ఎదురు ప్రశ్న వేయడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. అతనమ్మిన విత్తనం సగం మొలవలేదు. చేను పోయినందుకు కాదు, అడగకుండానే నమ్మినందుకు ఆమెకు తన మీద ఇంకా కోపం.

ఇప్పుడు కూడా లోపల ఏదో వంగుతోంది. తెలుగులో ఆమె నేర్చుకున్న మొదటి మర్యాద తల ఊపడం. నాయనకు ఊపింది, అత్తకు ఊపింది. మరాఠీలో ఆమెకు చుట్టాలు లేరు. బజారులో, బస్సులో, తహసీలు ఆఫీసు కిటికీ దగ్గర వాడే భాష అది. అందులో కాదనడానికి మొహమాటం అడ్డురాదు.

ఆమె మరాఠీలో అడిగింది: "తల్లిని నేను. కవరు తెరవొద్దంటే ఏమవుతుంది?"

దుర్గేష్ తెల్లబోయాడు. "తెలుగులోనే మాట్లాడండక్కా. నాకు వస్తుంది కదా."

"తెలుసు," అంది ఆమె, మరాఠీలోనే. "వద్దంటే ఈ పైపు తీసేస్తారా?"

సారక్క కోడలి మోచేతిని గిల్లింది. తిరుపతమ్మ వేలు పైపును ఇంకా గట్టిగా నొక్కింది. తీసేస్తామంటే ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. అయినా ఆ ప్రశ్నను వెనక్కి తీసుకోలేదు.

"తియ్యరు," ఈసారి అతను కూడా మరాఠీలోకి మారాడు. "ఒప్పుకోకపోయినా వైద్యం ఆగదు. ఎప్పుడూ ఇచ్చే సూదిమందే ఇస్తాం."

"ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

అతను పిల్ల ఛాతీ వంక చూస్తూ అన్నాడు: "చివర్లో చెబుతాను. అక్కడిదాకా ఎవరూ రానివ్వరు. అంతలోపే సరే అంటారు."

"నువ్వు అక్కా అంటవు గనుక."

ఆ మాట తెలుగులో వచ్చింది. అతను తలెత్తాడు. ఆమె చూపు దించుకోలేదు. ఇన్నాళ్లూ తల ఊపడానికే పనికొచ్చిన భాష ఇప్పుడు నోట్లో వేరే బరువుతో ఉంది.

"మన మాటలనే జెప్తున్న, ఇను సారు. కవరు నాకొద్దు. నా బిడ్డకు సూది పెట్టు. ఇప్పుడే పెట్టు."

"అయ్యో, గిదేం మొండిదిరా నాయనా," అని సారక్క తల పట్టుకుంది.

దుర్గేష్ సిస్టర్‌ను పిలిచి సూది వేయించాడు. పైపు ఉన్నచోటే ఉంది.

మర్నాడు మధ్యాహ్నానికి ప్రణాలి పాలు తాగి, గిలక్కాయ కింద పడేసి ఏడ్చింది. ఏడవడానికి సరిపడా ఊపిరి ఉంది. తిరుపతమ్మ పైపు మీది వేలు తీసి చూసింది. గాలి వస్తూనే ఉంది.

పక్క మంచం మీదికి బామ్ని అనే ఊరి నుంచి ఒక పిల్లవాణ్ణి తెచ్చారు. పిల్లవాడి ఎదురొమ్ము ఎగిరెగిరి పడుతోంది. దుర్గేష్ ఆ తల్లి దగ్గరికి వెళ్లి స్టూలు లాక్కున్నాడు.

"భయపడకండక్కా..."

ఆ తల్లి తల అప్పుడే ఊగుతోంది.

"సారు," తిరుపతమ్మ లేచి నిలబడి ఉన్నచోటు నుంచే పిలిచింది. వార్డంతా వినేంత గట్టిగా. "ముందుగాల గా మాట జెప్పు."

అతను ఆగిపోయాడు. సారక్క కొంగు లాగుతున్నా ఆమె కూర్చోలేదు. అతను చెప్పేదాకా అలాగే నిలబడి ఉంది.