ముందు సీటు కోసం మంచు హాకీ

ఆ ఎండాకాలం కళ్యాణి మంచు మీద ఆడే హాకీ నేర్చుకోవలసి వచ్చింది. ఆటలంటే ఆమెకు ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. బండిలో ముందు సీటు కావాలి, అంతే.

ములకలపల్లి దగ్గరి తండాలో రూప్లా నాయక్ ఇంటివాళ్లు ఏటా వేసవి సెలవుల్లో పర్ణశాల వెళ్లివస్తారు. బండి సొంతమే. నడిపేది రూప్లా కొడుకు బలరాం, అంటే కళ్యాణి భర్త. అతని పక్క సీటు మాత్రం ఇంటి అల్లుడు బాబూరావుది. వైరాలో సర్కారు ఉద్యోగం చేసే బాబూరావు పెళ్లయిన కొత్తలో ఒకసారి అందులో కూర్చున్నాడు. ఇక అది ఆయనకు పట్టా చేసిచ్చినట్టే అయింది. అల్లుణ్ణి వెనక కూర్చోబెడితే తండా అంతా మాట్లాడుకుంటుంది. కోడలు ఎక్కడ కూర్చుంటే ఎవరికి పట్టింది?

అడవిలో మలుపులు మొదలవగానే కళ్యాణికి కడుపులో తిప్పేది. డిగ్రీ చదివిన మనిషి, వంటింట్లో డబ్బా మూత కాస్త వంకరగా ఉన్నా చూసి ఊరుకోలేని మనిషి, ఏటా ప్లాస్టిక్ కవరులో తలపెట్టి కూర్చుని, అదీ చాలక రోడ్డు పక్కన ఏదో ఒక చెట్టు పట్టుకుని వంగి నిలబడేది. ఆడపడుచు సంగీత, అంటే బాబూరావు భార్య, నీళ్ల సీసాతో వెనకే నిలబడి "అయిపోయిందా వదినె, ఇంకుందా?" అని అందరికీ వినబడేలా అడిగేది. కళ్యాణికి కక్కడం కంటే ఆ ప్రశ్న ఎక్కువ బాధగా ఉండేది.

ఈ ఏడు అన్నం దగ్గర ధైర్యం చేసి అడిగేసింది.

"అన్నా, ఈసారి ముందు సీట్ల నేను కూసుంట."

బాబూరావు చేతిలో ముద్ద ఆగింది. "ముందు ఏముంది చెల్లె? ఎండ మొత్తం మీదనే కొడతది. వెనకనైతే చల్లగుంటది."

"గంత చల్లగుంటే మీరే కూసోండి."

సంగీత కిసుక్కున నవ్వింది. మాట తనకే ఎదురు తిరిగినప్పుడు బాబూరావుకు ఫోను తీసే అలవాటు. తీశాడు.

ఆయన సంతోషమంతా ఆ ఫోనులోనే ఉంది. జరగబోయే ఆటలో ఎవరు బాగా ఆడతారో ముందే ఎంచి ఒక ఊహా జట్టు కట్టుకోవాలి. వాళ్లు నిజంగా ఎంత బాగా ఆడితే మనకు అన్ని పాయింట్లు. పైసలు పెట్టి ఆడే యాప్‌లు మూతపడ్డాక కొన్నాళ్లు దిగులుగా తిరిగి, చివరికి ఉత్త పాయింట్ల కోసం ఆడేది ఒకటి పట్టాడు. అందులో క్రికెట్ అయిపోయింది. మిగిలింది మంచు హాకీ. ఎక్కడో చలి దేశాల్లో కాళ్లకు కత్తుల్లాంటి బూట్లు కట్టుకుని, జారుకుంటూ ఆడేది. ఇప్పుడు అందులో ప్లేఆఫ్‌లు నడుస్తున్నాయి, ఓడినవాళ్లు ఇంటికి పోయే ఆటలు.

"ఒక పని చేద్దాం చెల్లె," అన్నాడు. "రేపు పొద్దుగాల పెద్ద మ్యాచ్ ఉంది. నువ్వొక టీము పెట్టు, నేనొకటి పెడత. ఎవరికి పాయింట్లెక్కువొస్తే సీటు వాళ్లది."

కళ్యాణి ఆ ఆటను ఎన్నడూ చూడలేదని ఆయనకు తెలుసు. ఆ ధైర్యంతోనే అన్నాడు.

"సరే," అంది కళ్యాణి, మజ్జిగ పోస్తూ.

రూప్లా గొంతు సవరించుకున్నాడు. ఒకప్పుడు తండా తగువులన్నీ ఆయనే తీర్చేవాడు. ఇప్పుడు అందరూ పోలీసు స్టేషనుకు పోతున్నారు కనుక చాలాకాలంగా ఆయన నోటికి పని లేదు. "నేను పెద్దమనిషిగ ఉంట. మాట మాటే. తర్వాత నేననలేదు, నువ్వనలేదు అంటే ఊకోను."

మధ్యాహ్నం కళ్యాణి వరండాలో కూర్చుని తన ఫోనులో యాప్ తెరిచింది. ఒక గోల్ కీపరు, అయిదుగురు ఆటగాళ్లు కావాలి. అందరూ గొప్పవాళ్లనే తీసుకుంటానంటే యాప్ ఒప్పుకోదు. ఒక పేరున్నవాణ్ణి పెట్టుకుంటే మిగతా చోట్ల మామూలువాళ్లతో సర్దుకోవాలి. ఇది ఆమెకు వెంటనే అర్థమైంది. ఒక కూరలో జీడిపప్పు ఎక్కువ వేసిననాడు రెండోది నీళ్లచారే. అర్థం కానిదల్లా ఎవరు గొప్పవాళ్లో.

ఫోటోలు ఒక్కొక్కటే చూసింది. చూడగా చూడగా ఒక సంగతి కనిపించింది. దాదాపు అందరికీ గడ్డాలే. కింద వార్తలో రాసి ఉంది: ప్లేఆఫ్‌లు మొదలైన రోజు నుంచి ఆట ముగిసేదాకా వీళ్లు గడ్డం గీసుకోరట, అది వాళ్ల ఆచారమట.

"ఏమండీ, వీళ్లు దీక్షల ఉన్నరు," అంది బలరాంతో.

"మంచు దేశపోళ్లకు దీక్షేంది?"

"చదువుకో మరి. అయిపోయేదాక గడ్డం తీయరట. ఇంకేమంటరు దాన్ని?"

బలరాం చదివాడు. పంక్చరు చూసుకోవాలని బండి దగ్గరికి పోయాడు.

దారి దొరికింది. తండాలో ఏటా మాల వేసుకునే మగవాళ్లను ఆమె చూస్తూనే ఉంది. ఆ నలభై రోజులూ వాళ్లంత బుద్ధిమంతులు ఉండరు. తెల్లవారకముందే లేస్తారు, మందు ముట్టరు, పెళ్లాన్ని ఒక్క మాట అనరు. గడ్డం ఎంత పొడుగైతే దీక్ష అంత గట్టిది. ఆటగాళ్లను గడ్డాన్నిబట్టి వరుసలో పెట్టింది. నున్నటి చెంపలవాణ్ణి, పాయింట్లు ఎన్ని ఉన్నా, నియమం లేనివాడని పక్కన పెట్టింది. గడ్డం ఛాతీదాకా వచ్చిన ఒక భారీ మనిషిని కెప్టెన్ చేసింది. కెప్టెన్‌కు పాయింట్లు రెట్టింపు.

పక్కన చింతపండు గింజలు తీస్తున్న అత్తగారు లాలి ఓరకంట చూసింది. "పొద్దంత పరాయి మగోళ్ల ఫోటోలు చూసుడేందే?"

"సీటు కోసం అత్తమ్మ."

"నా కాలంల సీటు లేదు, ఫోటోలు లేవు," అంది లాలి. గింజ విసిరేసింది.

గోల్ కీపర్ దగ్గర పద్ధతి తప్పింది. వాళ్ల ముఖాలకు ముసుగులు. గడ్డం ఉందో లేదో తెలియదు. మళ్లీ నియమాలు చదివింది. ఆపిన ప్రతి బంతికీ పాయింటట. బంతి కూడా కాదు, నల్లటి బిళ్ల. సరే, బిళ్లలు ఎవరి మీదికి ఎక్కువ వస్తాయి? ఓడిపోయే జట్టువాడి మీదికే కదా. చుట్టాలు ఎక్కువ వచ్చిన ఇంట్లోనే అంట్లు ఎక్కువ పడేది. ఓడుతుందని అందరూ అంటున్న జట్టు గోల్ కీపర్‌ను తీసుకుంది.

అది చూసి బాబూరావు కడుపు పట్టుకుని నవ్వాడు. "ఓడే టీము గోల్ కీపర్‌నా? చెల్లె, నా టీము చూడు. అందరు గెలిచేటోళ్లే. కెప్టెన్ అయితే ఆ దేశంలనే నంబర్ వన్." ఆ సంబరంతోనే వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నాడు.

తెల్లవారుజామున వాకిలి ఊడుస్తుంటే కళ్యాణి ఫోను మోగింది. యాప్ పంపిన కబురు: బాబూరావు కెప్టెన్‌కు మోకాలు నొప్పి, ఈ ఆటలో దిగడం లేదు. జట్టు మార్చుకోవడానికి ఇంకా సమయం ఉంది. బాబూరావు దిండు కింద ఫోను కూడా మోగింది. ఆయన లేవలేదు.

కళ్యాణి చీపురు పట్టుకుని కాసేపు నిలబడింది. అన్యాయం చేసే మనిషి కాదు. మంచం దాకా వెళ్లి, "అన్నా, మీ ఫోను మోగుతుంది," అని చెప్పింది. కాకపోతే ఉయ్యాలలో పసిబిడ్డ లేస్తుందేమోనన్నంత మెల్లగా చెప్పింది. బాబూరావు అటు తిరిగి పడుకున్నాడు. చెప్పవలసింది చెప్పాను కదా అనుకుని, మిగిలిన సగం వాకిలి ఊడ్చింది.

ఆట మొదలయ్యేసరికి బలరాం ఫోనును టీవీకి కలిపాడు. బయట అప్పుడే ఎండ చురుక్కుమంటోంది. లోపల తెరనిండా మంచు. లాలి కుర్చీని టీవీకి దగ్గరగా జరుపుకుని, చల్లగాలి వస్తున్నట్టు ఓణీ వదులు చేసుకుంది.

బాబూరావు తన కెప్టెన్ కోసం వెతికాడు. మళ్లీ వెతికాడు. ఫోను చూసుకుని, "ఎవరన్నా లేపొద్దా?" అన్నాడు.

"లేపింది కదా, నేను చూసిన," అంది సంగీత. ఆమెకు నిజం దాచడం రాదు, కట్టుకున్నవాడి కోసమైనా సరే.

అంతలో కళ్యాణి గడ్డపు కెప్టెన్ చేతిలో కర్ర పారేసి, ఎదుటివాడి మెడ పట్టుకుని ముఖం మీద గుద్దాడు. తీసుకుపోయి శిక్షగా అద్దాల గదిలో కూర్చోబెట్టారు.

"దీక్షల ఉండి గిట్ల కొట్లాడుతరా?" అంది లాలి.

అద్దాల గదిలోంచి బయటికి వచ్చి అతను మళ్లీ కొట్టాడు. మళ్లీ లోపల కూర్చోబెట్టారు. మిగతా గడ్డాలవాళ్లలో ఒకడు మాత్రం ఒక గోలు కొట్టాడు. ఆమె ఎంచిన ముసుగు గోల్ కీపరొక్కడు మోకాళ్ల మీద పడి, బోర్లా పడి, వెల్లకిలా పడి చేతనైనన్ని బిళ్లలు ఆపుతూనే ఉన్నాడు. ఆపలేనివి ఆపలేక ఓడిపోయాడు. కానీ అప్పటికి కళ్యాణికి బాబూరావు కంటే మూడు పాయింట్లు ఎక్కువ వచ్చాయి.

"ఓడినోనికి పాయింట్లేంది మామా? ఇది న్యాయమేనా?" అన్నాడు బాబూరావు.

రూప్లా చాలా ఏళ్ల తర్వాత కాలు మీద కాలు వేసుకున్నాడు. "వాడు ఒక్కడు. కొట్టేటోళ్లు అంతమంది. పాపం, వానికి గామాత్రం ఇయ్యకపోతే ఎట్ల? సీటు కోడలిది."

మర్నాడు కళ్యాణి ముందు సీట్లో కూర్చుంది. టేకు చెట్ల మధ్య రోడ్డు ఎదురుగా విప్పినట్టు వస్తుంటే, ఇన్నేళ్లూ ఈ దారిలో తనకు తెలిసింది ప్లాస్టిక్ కవరు లోపలి భాగమేనని అనుకుంది. మలుపులు వచ్చాయి. కడుపు కదలలేదు.

కొంతసేపటికి ఏదో లోటనిపించింది. బండి ఎలా నడపాలో బలరాంకు దారి పొడుగునా చెప్పే బాబూరావు మాట వినిపించడం లేదు. అద్దంలోకి చూసింది. ఆయన ముఖం పచ్చిమామిడి రంగులో ఉంది. ఆ రంగు ఆమెకు బాగా తెలుసు.

"బండి ఆపండి," అంది.

బాబూరావు దిగి చెట్టు దాకా కూడా పోలేకపోయాడు. నోరు కడుక్కుని, తలుపు పట్టుకుని నిలబడి, "నాకు మొదటి నుంచే గింతే," అన్నాడు. "అల్లునివని మీరు ముందు కూసోబెట్టిన్రు. మీరు మర్యాద అనుకున్నరు, నేను బతికిపోయిన అనుకున్న."

ఎవరూ నవ్వలేదు, సంగీత తప్ప.

అప్పుడు బండి చిట్టచివర, సామాన్ల పక్కనున్న అడ్డబల్ల మీద నుంచి లాలి గొంతు వినిపించింది. "మీ ఇద్దరికేనా కడుపున్నది?"

అందరూ వెనక్కి తిరిగారు.

"నీకు గూడనా? నువ్వు దారంత నిద్రపోతవు గదనే," అన్నాడు రూప్లా.

"నిద్రెక్కడిది? నోట్ల చింతపండు పెట్టుకొని కండ్లు మూసుకుంట. తెరిస్తే వస్తది."

తీర్పు చెప్పాల్సిన రూప్లా తలపాగా విప్పి మళ్లీ చుట్టుకోసాగాడు. బలరాం భార్య వంక చూశాడు. బాబూరావు కూడా చూశాడు, ఆశగా. కళ్యాణి ఎదురుగా ఉన్న రోడ్డును మరోసారి తృప్తిగా చూసుకుంది. తరువాత మెల్లగా దిగి తలుపు పట్టుకుంది.

"రాండ్రి అత్తమ్మ."

లాలి వద్దనలేదు. వచ్చి కూర్చుని, లంగా సర్దుకుని, తలుపు తనే వేసుకుంది. పర్ణశాల దాకా, గెలిచిన మనిషి ఒక కిటికీలో, ఓడిన మనిషి ఇంకో కిటికీలో తలలు పెట్టుకుని, మధ్యలో ఒక్కటే కవరు పెట్టుకుని కూర్చున్నారు. ముందు లాలి కళ్లు బాగా తెరుచుకుని, కనబడిన ప్రతి చెట్టు పేరూ చెబుతూ పోయింది.