గుమ్మం దగ్గర తుమ్మిన వాసన

పదిన్నరకి మిఠాయి కార్ఖానాలో పిప్పరమెంటు పాకం దించుతారు. పావుగంటలో వాసన గేటు దాటి వీధిలోకొస్తుంది. మొదటింటితో మొదలుపెట్టి వరసగా ఒక్కో ఇంట్లోకీ వెళ్లి, కాసేపు కూర్చుని, పక్కింటికి బయల్దేరుతుంది. ఆ వేళకి అందరూ తలుపులు తీసి ఉంచుతారు. టీచరమ్మకి కళ్లజోడు ఎక్కడ పెట్టిందో గుర్తొచ్చేది అప్పుడే. తిండి దగ్గర పేచీ పెట్టే పిల్లలు కంచాలు తెచ్చుకుని కూర్చునేదీ అప్పుడే. వాసన కాస్త ఆలస్యమైతే చాలు, కార్ఖానా యజమానురాలికి చీవాట్లు తప్పవు.

వీధి మధ్యలో దర్జీ కొట్టు. కత్తిరించేది తండ్రి, కుట్టేది కూతురు. ఆయన్ని అందరూ మాస్టారంటారు. కొలతలు ఏనాడూ కాగితమ్మీద పెట్టినవాడు కాదు. "రాసుకుంటే బుర్రకి బద్ధకమొస్తుందే" అనేవాడు. నలభై ఏళ్లుగా ఆ వీధి నడుములూ భుజాలూ అన్నీ ఆయన తలలోనే ఉండేవి.

ఈ ఏడాది అవి ఒక్కొక్కటే జారిపోయాయి. ముందు కొలతలు, తర్వాత మనుషులు. నెల్లాళ్లుగా సొంత కూతుర్నే "మీకు కోటు ఎప్పటికి కావాలమ్మా?" అని అడుగుతున్నాడు. పైగా తిండి మానేశాడు. బతిమాలితే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. "శనివారానికి కూడా ఇంతే అయితే ఆసుపత్రిలో చేర్చి ముక్కులో గొట్టం వెయ్యాలి" అన్నాడు డాక్టరు. అప్పట్నుంచీ ఆ పిల్లకి కంటిమీద కునుకు లేదు.

శుక్రవారం పొద్దున్న పక్కింటి పిన్ని వచ్చి అడిగింది. "మీ నాన్నకి వాసన తగుల్తోందా?"

"ఎక్కడ పిన్నీ! తలుపు బార్లా తీసే ఉంచుతున్నా. గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోతోంది."

"దాంతో ఏమైనా గొడవపడ్డావా?"

"వాసనతో గొడవేంటి?"

"ఏమో తల్లీ, నీ నోరు నాకు తెలీదా!"

అంతలో వాసన రానే వచ్చింది. గడప మీద ఆగింది. ఒక్కడుగు లోపలికి వేసి, గట్టిగా తుమ్మింది. గోడకున్న క్యాలెండరు రెపరెపలాడింది. పాపం, వెనక్కి తగ్గి మెట్టుమీద నిలబడింది.

"చూశావా! లోపలేం దాచావే?" అంటూ పిన్ని లోపలికెళ్లింది. మరుక్షణం ముక్కు మూసుకుని బయటికొచ్చింది. "ఓసి నీ దుంపతెగ! ఇన్ని కలరా ఉండలా? ఈ కంపుకి పురుగులే కాదు, మనుషులూ చస్తారు!"

దర్జీవాళ్ల ముక్కుకి ఆ వాసన ఆనదు మరి, పుట్టినప్పట్నుంచీ అందులోనే పెరుగుతారు. ఉన్ని బట్టకి పురుగు పట్టకుండా అరకి రెండేసి ఉండలు వెయ్యడం వాళ్ల పద్ధతి. మాస్టారు వేసినవి మరిచిపోయి మళ్లీ వేశాడు. ఆయన వెయ్యలేదేమోనని కూతురూ వేసింది. ఏడాదిగా అదే తంతు!

"అయ్యో, నా చేతులారా నేనే అడ్డం పడ్డానా!" అని ఆ పిల్ల తల కొట్టుకుంది.

ఇద్దరూ కలిసి అరలన్నీ దులిపారు. రెండు బకెట్ల ఉండలు తేలాయి. వాటికి మూతలు బిగించి పెరట్లో పెట్టి, కిటికీలు తెరిచి, ఫ్యాన్లు వేశారు. వాసన మాత్రం మెట్టుమీదే ఓపిగ్గా కూర్చుంది. ఎదురింటి సెలూనాయన కేకేశాడు. "మా వంతు ఎప్పుడమ్మా? ఒక గిరాకీకి సగం గడ్డమే గీశాను, ఏ సగమో గుర్తు రావట్లేదు!"

"రెండు వైపులా గీసెయ్యి, పీడా పోతుంది!" అంది పిన్ని.

చివరికి వాసన లోపలికొచ్చింది. తిన్నగా మాస్టారి బల్ల దగ్గరికెళ్లి ఆయన పక్కనే కూర్చుంది. ఆయన ఊపిరి పీల్చాడు. ఆగి, ఇంకోసారి గుండెల నిండా పీల్చాడు. కిటికీలోంచి తొంగిచూస్తున్న సెలూనాయన్ని ఎగాదిగా చూశాడు.

"ఏరా, నడుము ముప్పై నాలుగు ఉండేవాడివి. నలభైకి ఎప్పుడెక్కావు?"

పిన్ని పకపకా నవ్వింది. కూతురు మాత్రం నవ్వలేదు. నడుములు గుర్తొచ్చాయి సరే, తను గుర్తొచ్చిందా? అడగాలంటే భయమేసింది. వంటింట్లోకెళ్లి కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తిన్నాడు. కంచం ఖాళీ చేసి, "ఇంకాస్త వెయ్యి" అన్నాడు. ఆమె మళ్లీ వడ్డించింది.

ఆయన ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"ఎంత పీక్కుపోయావే చిట్టీ! నువ్వు తిన్నావా?"

"లేదు నాన్నా" అంది ఆ పిల్ల.

"కూర్చో మరి" అని బల్లమీది బట్టలు పక్కకి నెట్టి, ఆ ముద్ద ఆమె నోటికి అందించాడు.