ఈత కొలనులో నాలుగు పాదాలు

మంచి కబురు వచ్చేసరికి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే గ్లాసులో కాఫీ తాగుతున్నారు. రెండో గ్లాసు కడిగి బోర్లించి పక్కనే ఉంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి రెండో గ్లాసుతో పనేముంటుంది? ఫోను మోగగానే అతను స్పీకరులో పెట్టాడు.

"పూల్ పని మీ ఇద్దరికే ఇస్తున్నానయ్యా," అన్నారు ఈత మాస్టారు. "పిల్లలకి సెలవులిచ్చేలోపు నీళ్ళు నింపెయ్యాలి. లోపల రంగు, చుట్టూ కాంక్రీటు గట్టు, అంతా మీదే."

చేతిలో గ్లాసు ఉండబట్టి ఆమె చప్పట్లు కొట్టలేకపోయింది. కాళ్ళతోనే నేలమీద తాళం వేసింది.

ఆ సంబరానికి కారణముంది. మావగారిది ఇళ్ళకు రంగులు వేయించే పని. పెద్దకొడుకు కింద ఒక ముఠా, ఆ ముఠాలో చిన్నకొడుకు. కాలేజీలో కెమిస్ట్రీ చదివిన చిన్నకోడలికి కేటాయించిన చోటు రంగుల కొట్లో, తోడికోడలి పక్కనున్న స్టూలు. తోడికోడలు మంచిదే, కాని పొద్దస్తమానం తన పంటినొప్పి గురించే చెబుతుంది. భర్తతో కలిసి పనిచేస్తానని కొత్తకోడలు పట్టుబడితే, మావగారు కళ్ళజోడు తుడుచుకుంటూ తేల్చేశారు.

"ఈ పూల్ పని వస్తే మీరిద్దరూ చేసి చూపించండమ్మాయ్. బాగుంటే ఇకమీదట ఏ పనైనా కలిసే ఒప్పుకోండి, నేను అడ్డురాను. చెడగొట్టారా, వాడు వాళ్ళన్న దగ్గరికి, నువ్వు కొట్లోకి. మళ్ళీ నా దగ్గర సణగకూడదు."

"అలాగే మావయ్యా," అంది ఆమె. ఈత కొలనంటే ఆమె మనసులో నీలంగా మెరిసే నీళ్ళే ఉన్నాయి మరి.

గేటు తాళం తీయగానే కంపు ఎదురొచ్చి పలకరించింది. ఏళ్ళ తరబడి మూతబడ్డ కొలను అది. అడుగున మిగిలిన వాననీళ్ళు ముదురాకుపచ్చగా మారి, మీద మందంగా మీగడ కట్టాయి. మీగడ అన్న మాట తట్టినందుకు ఆమె తననుతానే తిట్టుకుంది. ఇక పాలు ముట్టుకున్నట్టే. ఆ మీగడ కింద ఏవో సన్నగా, లెక్కలేనన్ని, మెలికలు తిరుగుతున్నాయి.

"దిగుదామా?" అన్నాడు అతను.

"ముందు నువ్వు దిగు. నువ్వు బతికి ఉంటే నేనూ వస్తాను."

పంపు పెట్టి నీళ్ళు తోడితే సగంలో ఆగిపోయింది. నీళ్ళు పోయే జాలీకి ఏదో అడ్డుపడింది. అతను మోచేతిదాకా చెయ్యిపెట్టి లాగితే జడంత వెంట్రుకల ముద్ద జారుకుంటూ వచ్చింది, ఏనాటి ఈతగాళ్ళ తలల్లోదో. అందులో చుట్టుకుని ఒక పాత బ్యాండేజీ, ఒక కట్టుడు పన్ను.

"ఇదిగో, ఇది వదినకివ్వు. నొప్పిపన్ను తీసేసి ఇది పెట్టుకుంటుంది."

"నీ జోకుకన్నా ఆ ముద్దే నయం," అని ఆమె గోడవైపు పరుగెత్తింది. పొద్దున తాగిన సగం గ్లాసు కాఫీ గోడ పక్కనే వదిలేసి వచ్చింది.

ఆ తర్వాత బురద. పార పడిన ప్రతిసారీ అది చప్పరించినట్టు శబ్దం చేసింది. బూట్ల అంచు దాటి లోపలికి దిగి, వేళ్ళ సందుల్లో గోరువెచ్చగా పిసపిసలాడింది. చల్లగా ఉన్నా భరించేదేమో, ఆ వెచ్చదనానికే ఆమె ఒళ్ళంతా జలదరించింది. బురద పోయాక గోడలకున్న పాత రంగు గీకుడు. పెచ్చులు గాలికి లేచి చెమట పట్టిన మెడకీ, కనురెప్పలకీ అంటుకున్నాయి. ఒక పెచ్చు ముక్కుకి కట్టుకున్న గుడ్డ సందులోంచి దూరి నాలుక మీద వాలింది. తుప్పూ, సబ్బూ, ఎవరిదో చెమటా కలిసినట్టుంది రుచి. ఎన్నిసార్లు పుక్కిలించినా పోలేదు.

గట్టు ఇంకో నరకం. పక్షుల రెట్టలు, పాకుడు, ఎవరెవరో నమిలి ఉమ్మిన బబుల్‌గమ్ములు నల్లటి పుట్టుమచ్చల్లా. జోరుగా నీళ్ళు చిమ్మే గొట్టంతో కడిగితే, కాంక్రీటు మీది పాకుడు లేచి సరాసరి ఆమె చెంపకి అతుక్కుంది. అతను నవ్వాడు. ఆమె గొట్టం అతనివైపు తిప్పింది. ఆ పూట ఇద్దరూ ఒకే రకంగా కంపుకొట్టారు.

ఇంటికెళ్ళి ఎంత సబ్బు అరగదీసినా పాదాలు తనవి కానట్టే ఉండేవి ఆమెకి. దురద, పగుళ్ళు. అందుకని గులాబీ వాసనేసే క్రీము ఒకటి కొని, రోజూ రెండుపూటలా తన కాళ్ళకీ, అతని కాళ్ళకీ దట్టంగా పట్టించేది.

"ఇలా వెన్నపూసలా పూస్తే జారిపడతానే," అనేవాడు అతను.

"పడితే పట్టుకుంటాలే."

గట్టు మీది పగుళ్ళు సిమెంటుతో పూడ్చి, కాళ్ళు జారకుండా ఇసుక కలిపిన రంగు ఒక పూత వేశారు. కొలను లోపల ఆసిడ్ కడుగుడు ఆమె చేతిమీదుగానే జరిగింది. ముందు నీళ్ళు, ఆ నీళ్ళలోకి ఆసిడ్. గొంతు మండించే ఆ పొగకి కళ్ళు కారుతున్నా ఆమె పక్కకి తప్పుకోలేదు. మళ్ళీ మళ్ళీ మంచినీళ్ళతో కడిగి, ఎండకి ఆరబెట్టారు.

ఆరాక చూస్తే కొలను అడుగు తెల్లగా, పిండి రాలినట్టుంది. కంపు లేదు. ఇన్నాళ్ళ రోతలో అదే మొదటి శుభ్రం. ఆమెకి కళ్ళు చెమర్చినంత పనైంది. బురద తొక్కిన బూట్లతో అందులోకి దిగడానికి ఇద్దరికీ మనసొప్పలేదు. బూట్లూ, కుళ్ళు సాక్సులూ గట్టుమీదే విడిచేశారు. పొద్దున్నే సబ్బుతో కడిగి క్రీము రాసిన పాదాలకన్నా శుభ్రమైనవి ఏముంటాయనుకున్నారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని, లోతు తక్కువ వైపు నుంచి లోతు వైపుకి షికారు వెళ్ళారు.

"ఇక్కడ నడుందాకా మునుగుతావు," అన్నాడు అతను. "ఇక్కడ మెడదాకా. ఈ మూలైతే నేనే మునిగిపోతాను."

"అయితే నేను నీ భుజం మీదెక్కుతాను," అందామె.

మర్నాడు కొత్త సాక్సులు తొడుక్కుని మొదటి పూత వేశారు. ఆ పై రోజు పొద్దున వచ్చి తొంగిచూసి ఆమె గట్టుమీదే ఆగిపోయింది.

నీలం మధ్యలో పాదాలు. క్రీము ఉన్నచోటల్లా రంగు నిలవక, ముడుచుకుని పక్కకి తప్పుకుంది. పెద్ద పాదాల జత, చిన్న పాదాల జత, పక్కపక్కనే వాలు దిగాయి. ఆమె ఒక మడమ అంచున రంగు గోటితో లేపితే, ఎండకి కమిలిన తోలులా చప్పున ఊడొచ్చింది.

"రెండో పూత వేసేద్దాం," అన్నాడు అతను నెమ్మదిగా. "నాన్న వచ్చేలోపు కప్పబడిపోతుంది."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. కొట్లో స్టూలు కళ్ళముందు మెదిలింది. ఆ వెంటనే నాలుక మీది పెచ్చు రుచి గుర్తొచ్చింది.

"నీళ్ళు నింపాక ఇదంతా ఊడి పైకి తేలుతుంది. పిల్లల నోట్లోకి పోతుంది. వద్దు నువ్వు..." గేటు చప్పుడైంది. "వద్దండీ," అని దిద్దుకుంది.

మావగారు గట్టుమీద ఒక చుట్టు చుట్టారు. చెప్పుతో రాసి చూసి, గరుకు సరిపోయిందన్నట్టు తలాడించారు. తర్వాత కొలనులోకి వంగి చూశారు.

"ఎవరివి అవి?"

"మావే మావయ్యా. కాళ్ళకి క్రీము రాసుకుని నడిచాం. ఆ జిడ్డుకి రంగు పట్టలేదు. కప్పేస్తే తర్వాత ఊడుతుంది. ఆ మేరకు గీకి, కడిగి, ఆరాక మళ్ళీ వెయ్యాలి."

ఆయన కళ్ళు అడుగుల వెంటే నడిచి లోతు మూలకి వెళ్ళాయి. అక్కడ రెండు జతలూ ఎదురెదురుగా, వేళ్ళకి వేళ్ళు తగులుతూ ఆగాయి. చిన్న పాదాలకి అక్కడ మడమలు లేవు, మునివేళ్ళు మాత్రమే ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి, గొంతు సవరించుకుని, కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. ఈ కొలను మురికంతా తిరిగొచ్చి తనని కప్పేస్తే బాగుండునని ఆమెకి అనిపించింది.

"సెలవుల్లోపు అవుతుందా?" అన్నారు చివరికి.

"అవుతుంది మావయ్యా."

"పైన పూసేసి ఉంటే నాకూ తెలిసేది కాదు," అన్నారు గేటువైపు నడుస్తూ. "ఆ స్టూలు ఖాళీగానే ఉండనీ. మీ అత్తయ్య ఎప్పట్నుంచో దానిమీద పూలకుండీ పెడతానంటోంది."

గేటు మూసుకున్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

"రేపు తెల్లారగానే దిగుతున్నాం," అంది ఆమె. "క్రీము డబ్బా ఇంట్లోనే. ఉతికిన సాక్సులు. పెద్ద పాదాలు నువ్వు గీకు, చిన్నవి నేను గీకుతాను."

"మరి ఆ మూల?"

"ఆ మూల ముందు. ఇద్దరం కలిసి, ఈత మాస్టారు వచ్చి చూడకముందే."