నూకరాజు గారి వెడల్పు కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని. అందరిళ్ళలో ఉండే కంచం అనుకునేరు! నిండా వడ్డిస్తే ఇద్దరు పెద్దవాళ్ళు సుఖంగా తినగలిగేంత వెడల్పు నాది. కార్ఖానాలో రేకును గుండ్రంగా కోసి, మర కింద పెట్టి నొక్కి, మొహం కనపడేలా మెరుగుపెట్టి నన్ను కాకినాడలో ఒక పాత్రల కొట్టుకు పంపారు. అక్కడ వేలితో టంగుమనిపించి నన్ను కొన్నావిడ నూకరాజు అత్తగారు. "కొత్తల్లుడికి చిన్న కంచం పెడితే మా పరువేం కాను?" అంది కొట్టువాడితో. మనుషులు పరువును కూడా అన్నంతోనే కొలుస్తారని నాకు ఆ పూటే తెలిసింది.

నూకరాజుకు గొల్లప్రోలులో టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకు షామియానాలూ కుర్చీలూ అద్దెకిస్తాడు. మంచివాడే, కాకపోతే నాలుక ఎటు లాగితే అటు పోయే రకం. నా మీద అన్నం గుట్టగా పోయించుకుని, నడుమ గుంట చేసి, పప్పూ నెయ్యీ ఒంపుకుని మొదలుపెట్టేవాడు. చారుకు మళ్ళీ అన్నం, పెరుగుకు మళ్ళీ అన్నం. "చాలు, చాలు" అంటూనే అడ్డంపెట్టిన చెయ్యి పక్కకు తీసేవాడు. ఆకలి తీరిందా అని కడుపును ఏనాడూ అడగలేదు. నన్ను చూసేవాడు. నేను ఖాళీగా కనిపిస్తే చాలు, ఆకలి ఉన్నట్టే!

ఇక మధ్యలో పునుగులు, సాయంత్రం మిరపకాయ బజ్జీలు, టీవీ ముందు జంతికలు. వాటినసలు తిండి కింద జమకట్టేవాడు కాదు. "పొద్దున్నించీ ఏం తిన్నానే, రెండు మెతుకులు!" అనేవాడు భార్య మంగతాయారుతో. ఆ రెండు మెతుకుల బరువూ మోసినదాన్ని నేను. నన్నడిగితే చెప్పేదాన్ని.

అప్పుడప్పుడు సన్నబడాలన్న బుద్ధి కూడా పుట్టేది. ఒకసారి పరగడుపున తేనె కలిపిన నిమ్మరసం తాగాడు, దానిమీద దోసెలు తిన్నాడు. మరోసారి ఎవరో అంటగట్టిన పొడిని పాలలో కలుపుకుని, భోజనం మానకుండా, భోజనమయ్యాక తాగాడు. ఆ తరువాత పొట్ట కరిగించే బెల్టు వచ్చింది. అది నడుముకు కట్టుకుని, కుర్చీలో కూర్చుని, జంతికలు నమిలాడు. బెల్టే తెగింది.

అలా ఉండగా ఏలేశ్వరంలో ఉండే అతని చెల్లెలు వరహాలుకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. నూకరాజు ఒక కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చాడు. పరీక్షలు చేయించుకుని వచ్చిన రోజు నా ముందు కూర్చుని భార్యతో చెప్పాడు.

"రక్తం సరిపోయిందంట, తాయారూ. అన్నీ సరిపోయాయంట. ఈ ఒళ్ళే అడ్డంట. బరువు తగ్గితేగానీ ముట్టుకోరంట."

చెబుతూ ఏడ్చాడు. కన్నీళ్ళు నా అంచు మీద పడ్డాయి. ఏడుస్తూనే, "ఇంకాస్త పప్పెయ్యి" అన్నాడు. ఛీ, అనుకున్నాను. మనుషుల ప్రేమ గొంతు దాకానే, అక్కడినించి కింద అంతా తిండే అనుకున్నాను.

డయాలసిస్‌కు కాకినాడ వెళ్ళిరావడానికి గొల్లప్రోలు దగ్గరని వరహాలు అన్నగారింటికి వచ్చేసింది. సన్నటి మనిషి, పాదాలు మాత్రం వాచి ఉండేవి. కిడ్నీలు నీటిని బయటికి పంపలేవు కనక ఆవిడకు నీళ్ళు కొలతే. పొద్దున మంగతాయారు ఒక చిన్న సీసా నింపి ఇచ్చేది. రాత్రి దాకా అంతే. అందులోంచే మందులు మింగాలి, అందులోంచే గొంతు తడుపుకోవాలి. నేను ఆవిడను కూడా తేలిగ్గానే చూశాను. ఇదీ వీళ్ళ జాతే కదా, ఎవరూ చూడకుండా బిందె దగ్గరకు పోకపోతుందా అని.

పోలేదు.

ఎండాకాలం. ఒక మధ్యాహ్నం అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చుని తింటున్నారు. నూకరాజు ఆవకాయ కలిపిన నాలుగు ముద్దలు మింగి, కారానికి హా అంటూ చెంబెత్తి గటగటా తాగుతున్నాడు. వరహాలు తినడం ఆపేసింది. నా మీదున్న అన్నం వంక చూడలేదు, ఆవకాయ వంక చూడలేదు. అన్న గొంతులో దిగుతున్న నీళ్ళనే చూసింది. అతను చెంబు దించాక మెల్లగా అంది.

"అన్నయ్యా, ఏమనుకోకు. నువ్వు నీళ్ళు తాగేటప్పుడు కాస్త అటు తిరిగి తాగుదూ."

నూకరాజు చెంబును దూరంగా జరిపాడు. నా మీద సగం అన్నం అలాగే ఉంది. దాన్ని వదిలేసి లేచాడు. నా బతుకులో అది మొదటిసారి.

రాత్రికి భార్యతో, "ఆ టిఫిను పళ్ళెం తియ్యి. ఇక నాకు అందులోనే పెట్టు" అన్నాడు. నన్ను కడిగి అటక మీద పెట్టేశారు. అక్కడినించి చూస్తూ నవ్వుకున్నాను. బెల్టులాంటిదే ఇదీనూ, ఇవాళో రేపో నన్ను దింపుతారు అని.

చిన్న పళ్ళెంలో సగం కూర, ఒక కప్పు అన్నం, మిగతాచోట పప్పు. మారు వడ్డన లేదు. భోజనానికీ భోజనానికీ మధ్య ఏమీ లేదు. జంతికల డబ్బా పక్కింటికి పోయింది. టీవీ ముందు కూర్చుంటే అతని చెయ్యి దానంతటదే డబ్బా కోసం వెతికేది. చిరాకుపడేవాడు, ఊరికే కేకలేసేవాడు. ఒక సాయంత్రం బజ్జీల వాసనతో ఇంటికొచ్చాడు. మంగతాయారు ముక్కు పసిగట్టింది.

"తిన్నారా?"

"తిన్నాను. రేపట్నించి ఆ బజ్జీల బండి వైపు రాను, వెనక వీధిలోంచి వస్తాను."

అలాగే వచ్చాడు కూడా. అత్తగారు చూడ్డానికొచ్చి, "అల్లుడికి ఈ పిట్ట తిండేమిటే, మన పరువు!" అని గుండెలు బాదుకుంది. "మీ పరువు అటక మీదుందండి అత్తయ్యగారూ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

వానలు వచ్చాయి, చలీ వచ్చింది. మధ్యలో వరహాలుకు జ్వరం తగిలి ఆసుపత్రిలో పడితే, ఇక బతకదేమోనని ఇల్లంతా వణికింది. ఆ రోజుల్లో కూడా అతను దిగులును తిండితో కప్పుకోలేదు. చొక్కాలు వదులయ్యాయి. చివరికి డాక్టర్లు సరేనన్నారు. ఆపరేషన్ జరిగింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ క్షేమంగా ఇంటికొచ్చారు.

ఆ సంబరంలో మంగతాయారు నన్ను దింపి, గుట్టగా అన్నం పెట్టి భర్త ముందుంచింది. "పనైపోయిందిగా, కడుపారా తినండి. పుల్లలా అయిపోయారు."

నేను గెలిచాననుకున్నాను. మనుషుల సంగతి నాకు తెలియదూ? నూకరాజు నన్ను తనముందు నుంచి జరిపి అందరి నడుమా పెట్టాడు. "ఇది ఇంటిల్లిపాదికీ. ఎవరిక్కావలసింది వాళ్ళు తీసుకోండి" అని తన చిన్న పళ్ళెంలోకి ఒక గరిటె తీసుకున్నాడు. అప్పటినించీ ఆ ఇంట్లో నేను వడ్డన పళ్ళేన్ని. నా అంచనా తప్పింది. ఈ అన్నాచెల్లెళ్ళిద్దరి విషయంలో మాత్రమే సుమా, జాతి మొత్తానికి కాదు.

ఎందుకంటే, మొన్న ఎదురింటి భూలోకరావు పకోడీల పొట్లం నములుతూ వచ్చాడు.

"ఇంతలా తగ్గావు, ఏం మందు వాడావోయ్?"

"మందేం లేదు బావా. తక్కువ తిన్నాను, మధ్యలో తినడం మానేశాను."

భూలోకరావు మొహం మాడ్చుకుని లేచాడు. "చెప్పడం ఇష్టం లేకపోతే లేదను. దాచుకోవడం ఎందుకూ?" అంటూ, పొట్లంలో చివరి పకోడీ కోసం వేళ్ళతో వెతుక్కుంటూ గుమ్మం దిగిపోయాడు.