మూడు పొట్టి ఈలలు

చెన్నయ్య బడి ఎదురుగా టీ తాగి తిరిగొచ్చేసరికి వరండాలో జాహ్నవి చెప్పులున్నాయి. పిల్ల లేదు.

జాహ్నవి ఆయన కూతురి కూతురు. ఏడేళ్లొచ్చినా మాట రాలేదు. పిలిస్తే పలకదు. కిటికీలోంచి తాత తలపాగా కనిపిస్తేనే తరగతిలో కూర్చుంటుంది. అందుకే రెండేళ్లుగా ఆయన కూడా రోజూ బడికొచ్చి కిటికీ పక్కన కూర్చుంటున్నాడు. పిల్లలు ఆయనకు ‘ముసలి రెండో తరగతి’ అని పేరు పెట్టారు.

"కోటమ్మా, మా పిల్లేదే?"

వంట చేసే కోటమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. "ఇప్పుడేగా అందరూ ఆటలకి లేసింది! ఈడనే ఉండాలే బాబాయ్."

చెన్నయ్య బడి వెనక్కి పరిగెత్తాడు. అక్కడ పాత నాపరాళ్ల క్వారీ గుంత ఉంది. కంచె లేదు. నిరుడు అందులో పడ్డ గేదె మూడో రోజుకి గానీ పైకి తేలలేదు.

గట్టు మీద నిలబడ్డాడు. నీళ్లు పచ్చగా, కదలకుండా ఉన్నాయి. ఆ కదలకపోవడం చూసి ఆయనకు పైప్రాణాలు పైనే పోయాయి.

వెనకే కొత్త మాస్టారు జయపాల్ రొప్పుతూ వచ్చాడు. "తాతా, ఆటలకని ఈల ఊదానంతే. ఆ పిల్ల చెవులు మూసుకుని ఇటు పరిగెత్తింది. మూత్రానికేమో అనుకున్నా."

"ఈలా? పొడుగ్గా ఊదినావా?"

"అవును."

చెన్నయ్య గట్టు అంచున గొంతుకు కూర్చుని కిందికి చూశాడు. తప్పు మాస్టారిది కాదు, తనదే. వాళ్ల ఇల్లు ఇప్పటికీ నడుస్తున్న మరో క్వారీ పక్కనే. అక్కడ బండలు పగలగొట్టే మందు తూటా పేల్చేముందు ఒక పొడుగు ఈల ఊదుతారు. అది వినగానే పరిగెత్తి రాతి కింద దూరాలనీ, మూడు పొట్టి ఈలలు వినిపించేదాకా కదలకూడదనీ ఏడాదిపాటు చెయ్యి పట్టుకుని నేర్పింది తనే. ఇన్నాళ్లూ బడిలో గంటే తప్ప ఈల లేదు. బడి దగ్గర దూరడానికి రాళ్లున్నది ఈ గుంతలోనే.

"నాకు పళ్లు లేవు సారూ, ఈల నోట నిలవదు. నువ్వే ఊదు. మూడు."

మాస్టారు కంగారుగా ఊదాడు. కూత సాగింది.

"పొడుగ్గా ఊదమాకయ్యా! ఇంకా లోపలికి పోద్ది!"

కింద ఎక్కడో రాయి జారి నీళ్లలో పడింది. చిన్న అల లేచింది. చెన్నయ్య నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"పొట్టిగా. గువ్వ కూసినట్టు."

మూడు ఈలలు. ఎవరూ రాలేదు.

"మళ్లీ ఊదు."

మళ్లీ మూడు. నీళ్లకు జానెడు ఎత్తులో, వాలిన బండ కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. తర్వాత తల. చెన్నయ్య పిలవలేదు, కదల్లేదు. తను కదిలితే పిల్ల కాలు తడబడుతుందని భయం. జాహ్నవి చేతులూ మోకాళ్ల మీద పాకుతూ పైకొచ్చింది. క్వారీలో పేలుడు అయ్యాక మనుషుల్ని లెక్క చూసుకునేటప్పుడు చేసినట్టు, తాత తల మీద చెయ్యి వేసి చూసుకుంది. ఆ తర్వాత మాస్టారి తల కోసం చెయ్యి చాపింది. ఆయన వంగాడు.

లేచాక మాస్టారు ఈలను గుంతలోకి విసరబోయాడు. చెన్నయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"పారేయమాక సారూ. రేపట్నుంచి ఊదినప్పుడల్లా, ఎనకాలే మూడు ఊదు. నేను టీకి పోయినా... నేను లేకపోయినా."

మాస్టారు ఈలను జేబులో పెట్టుకున్నాడు.