ఏకాంబరం కొట్లో అంతరిక్షం

చిత్తూరు కోర్టుకు ఎదురుగా ఉన్న గేముల కొట్టును ఏకాంబరం రోజూ తొమ్మిదిన్నరకు తెరిచేవాడు. వాకిట నీళ్లు చల్లి, సామి పటానికి ఊదొత్తి వెలిగించి, కంప్యూటర్ ఆన్ చేసి, రెండు హెల్మెట్లనూ తడిబట్టతో తుడిచేవాడు. ఆఖర్న కిటికీ కమ్మీకి కట్టిన కొబ్బరితాడును గట్టిగా లాగి చూసుకునేవాడు. ఆ హెల్మెట్ తగిలించుకుంటే కళ్లముందు అంతరిక్షం. బరువులేని చోటు గదా, ఆడేవాళ్లు నేల విడిచి పైకి తేలేవాళ్లు. నడుముకు తాడు కట్టకపోతే ఫ్యానుకు తగులుకుంటారు. హెల్మెట్ తీస్తే నిదానంగా దిగేవాళ్లు. వాయిదాలకొచ్చినవాళ్లు పేరు పిలిచేదాకా పొద్దుపోక అక్కడికొచ్చి, చెప్పులు బయట విడిచి, కాసేపు తేలి పోయేవాళ్లు.

రెండువేల రెండు ఆగస్టులో ఒక సోమవారం గురవమ్మ వచ్చింది. పుత్తూరు పిల్ల, బట్టలు కుట్టేది. బంగారుపాళెంలో ఉండే మొగుడు ధనంజయతో విడాకుల కేసు. రెండేళ్ల కిందట వాళ్లకు పుట్టిన ఆడబిడ్డ, పేరైనా పెట్టకముందే, తొమ్మిదో రోజు చనిపోయింది. గురవమ్మ మంచం దిగలేని స్థితిలో ఉంటే, ధనంజయ ఒక్కడే బిడ్డను ఎత్తుకుపోయి పూడ్చి వచ్చాడు. స్నానం చేసి, ఇనుము కోసే లేతు మిషన్ షాపుకు పనికి వెళ్లిపోయాడు. కంట నీటిచుక్క లేదు. తర్వాత కూడా బిడ్డ మాటెత్తలేదు. ఆ రాతిమనిషితో ఉండలేక ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ రోజే ఆఖరి వాయిదా.

"మజ్జానం దాకా పిలవరంట. ఆడ కూసోలేకపోతిని," అంది.

"దానికేమమ్మా, రా," అని ఏకాంబరం తాడు కట్టి హెల్మెట్ పెట్టాడు. ఆమె పైకి తేలింది.

కాసేపటికి ధనంజయ కూడా వచ్చాడు. హెల్మెట్‌లో మొగం కనబడక, పైనున్నదెవరో అతనికి తెలియలేదు.

"ఇంకో తాడు లేదప్పా. దీని కొసే కట్టుకో," అన్నాడు ఏకాంబరం.

ఆటలో పెద్ద ఓడ నుంచి ఊడిపోయిన చిన్న గది ఒకటి, లోపల దీపం వెలుగుతూ, చీకట్లోకి పోతూ ఉంటుంది. దాన్ని పట్టుకొని వెనక్కి తేవాలి. హెల్మెట్ పెట్టుకుని పైకి తేలిన ధనంజయ రెండు చేతులూ చాచాడు. అందలేదు. మళ్లీ చాచాడు. దీపం చుక్కంతై మాయమైంది.

తల తిరిగినట్టై గురవమ్మ హెల్మెట్ తీసేసింది. కప్పు కింద గాలిలో నీటి బొట్లు తేలుతున్నాయి. గోళీల్లాగా గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి, పక్కనున్న మనిషి హెల్మెట్ కిందినుంచి వస్తున్నాయి.

"ఫ్యాను ఆపుతా ఉండా తల్లీ, లేకుంటే చెదిరిపోతాయి," అన్నాడు ఏకాంబరం.

దిగుతూ ఆ బొట్ల మధ్యనుంచే వచ్చింది ఆమె. ఒకటి చెంపకు తగిలి పగిలింది. వెచ్చగా ఉంది. అప్పుడే అతని చాచిన చేతులు చూసింది. లేతులో పడి నలిగిన ఎడమ బొటనవేలికి గోరు లేదు.

ఆమె తాడు పట్టుకొని, చేయి మార్చి చేయి వేస్తూ, అతన్ని కిందికి లాగింది. హెల్మెట్ తనే తీసింది.

"రెండేండ్లు ఈ నీళ్లు యాడ దాచినావు?"

ధనంజయ నడుముకున్న తాడు ముడి విప్పుకున్నాడు.

"నువ్వు ముద్ద ముట్టకుండా పడుంటివి. నేనూ ఏడిస్తే నువ్వూ పోతావని భయపడినా. లేతు మోతలో ఏడిస్తే ఎవురికీ ఇనపడదని పనికి పోతిని. ఆడా ఏడుపు రాలే."

"అది నాకొక్కదానికే బిడ్డ అనుకున్నా," అంది గురవమ్మ.

"పూడ్చేటప్పుడు పేరు పెట్టినా దానికి. పేరు లేకుండా పంపబుద్ధి కాలే."

ఆమె పేరు అడగలేదు. "యాడ పూడ్చినావో సూపీ," అంది.

రోడ్డుకవతల కోర్టు బంట్రోతు వాళ్లిద్దర్నీ మూడుసార్లు పిలిచేసరికి వాళ్లెక్కిన బస్సు బంగారుపాళెం దారిలో ఉంది. ఊరవతల వంక గట్టున, మూడు రాళ్లు పేర్చిన చోట అతను ఆగాడు. వానకు గడ్డి మోకాటెత్తు పెరిగి ఉంది. ఇద్దరూ కూర్చుని పెరికారు.

"జాహ్నవి," అన్నాడు ధనంజయ.

గురవమ్మ ఆ మట్టి మీద అరచేయి ఆనించి, నిద్రపోయే బిడ్డను లేపుతున్నట్టు, మెల్లగా ఆ పేరుతో పిలిచింది.