నయమైన కుట్టుమాష్టారు

"ఈ పేరు మీద ఇవ్వడానికి లేదక్కా. నయమైపోయింది," అన్నాడు సామాన్ల గది గుమాస్తా, కిటికీ అవతలి నుంచి.

కట్లక్క చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. తొమ్మిది రోజులు జ్వరంతో పడి ఉండి ఆ పొద్దున్నే లేచింది. ఆరిళ్ళు తిరిగి, ఆరుగురి పుళ్ళు కడిగి, కట్లు మార్చి, మిగతా ఇళ్ళకి కావలసిన గుడ్డలూ దూదీ తీసుకుందామని ఎండలో సంస్థ దాకా మళ్ళీ నడిచొచ్చింది. కాళ్ళల్లో ఇంకా సత్తువ లేదు.

"ఎవరికయ్యా నయమైంది?"

"కుట్టుమాష్టారికి. ఇదిగో, తెర మీద పచ్చగా ఉంది చూడు. పచ్చగా ఉంటే ఆ పేరున సామాను రాయడానికి ఒప్పుకోదు. నేను ఇవ్వననట్లేదు, అదే ఒప్పుకోదు."

"ఐదేళ్ళ నుంచి మంచం మీదున్న మనిషి. నేను జ్వరంతో పడుకుంటే ఆయన లేచి పరిగెత్తాడా?"

గుమాస్తా వేలు పైకి చూపించాడు. "నన్నడిగితే నేనేం చెప్పను? పైకెళ్ళి తెర దొరనడుగు."

లేవలేని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఉచితంగా కట్లు కట్టే సంస్థ అది. ముప్పై ఏళ్ళ కిందట ఒక ముసలి నర్సు ఒంటరిగా మొదలుపెట్టింది. ఇప్పుడు నాలుగు వందల మంది రోగులు, ఇరవై ముగ్గురు కట్లు కట్టే ఆడవాళ్ళు, వాళ్ళ మీద మూడంతస్తుల మేడ. కట్లక్క పందొమ్మిదేళ్ళుగా అందులో నడుస్తోంది. నడుస్తోందనే అనాలి, ఎందుకంటే బస్సు ఖర్చు సంస్థ ఇవ్వదు.

రెండేళ్ళ కిందట ఒక దాత వచ్చి, మీరింకా నోటుపుస్తకాల్లోనే రాసుకుంటున్నారా అని ముక్కున వేలేసుకున్నాడు. దాంతో కార్యవర్గానికి తల కొట్టేసినట్టయింది. పుళ్ళు మానకపోయినా ఎన్నడూ పడనంత సిగ్గు పడి, ఒక పెద్దమనిషిని తీసుకొచ్చి పై అంతస్తులో కూర్చోబెట్టారు. ఆయన హోదా 'వ్యూహాత్మక సాంకేతిక సారథి'. సంస్థని ఐదేళ్ళలో ఎక్కడికో తీసుకుపోతాడన్నారు. ఎక్కడికని అడిగినవాడు లేడు. ఆయన ఒక నెల జీతంతో పదకొండు మంది కట్లమ్మలని నెలంతా నడిపించవచ్చు. ఎవరు వెళ్ళినా తెర వైపు నుంచి మొహం తిప్పడు కాబట్టి ఆడవాళ్ళు ఆయనకి తెర దొర అని పేరు పెట్టుకున్నారు.

దొరగారి వ్యూహమంతా ఒక్క ప్రశ్నలో ఉంది. పుస్తకాలు తీసేసి అందరికీ ఫోన్లిచ్చారు. కట్టు కట్టిన ప్రతిసారీ ఫోను అడుగుతుంది: రోగి మెరుగుపడ్డారా? అవును, కాదు. వరసగా మూడుసార్లు కాదు అని నొక్కితే ఆ రోగి ఎర్రబడతాడు. ఆయన మీద ఖర్చు దండగని అర్థం, జాబితాలోంచి తీసేస్తారు. వరసగా మూడుసార్లు అవును అని నొక్కితే పచ్చబడతాడు. నయమైందని అర్థం, అప్పుడూ తీసేస్తారు.

శిక్షణ రోజున కట్లక్క లేచి అడిగింది. "అలాగే ఉంటే ఏం నొక్కాలండీ? మావాళ్ళు చాలామంది అలాగే ఉంటారు. పుండు పెరక్కుండా చూడ్డమే మా పని."

"అలాగే ఉండడం అనేది ఫలితం కాదమ్మా," అన్నాడు తెర దొర దయగా. తెలివైనవాళ్ళు బుద్ధిలేనివాళ్ళ మీద చూపే దయ అది. అది ఎదురైనప్పుడు చెంపదెబ్బే నయమనిపిస్తుంది.

రెండు నెలలు తిరక్కుండానే ఆడవాళ్ళు దారి కనిపెట్టారు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఈసారి అవును, పైసారి కాదు, ఆ పైసారి అవును. అబద్ధాన్ని అంత క్రమశిక్షణగా, వంతులు వేసుకుని ఆడినవాళ్ళు ఎక్కడా ఉండరు. రోగులు ఎర్రబడకుండా, పచ్చబడకుండా జాబితాలో ఉండిపోయారు. తెర మీద నాలుగు వందల గీతలు ఒక్క లయలో పైకీ కిందికీ ఊగుతుంటే చూసి తెర దొర పరవశించిపోయాడు. కోలుకోవడంలో మనిషికి ఒక సహజమైన అల ఉంటుందనీ, దాన్ని మొదట పట్టుకున్నది మన సంస్థేననీ ఒక సభలో గంటసేపు మాట్లాడి శాలువా కప్పించుకున్నాడు. వెనక వరసలో ఇరవై ముగ్గురూ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. కట్లక్క కూడా నవ్వింది. ఇంటికెళ్ళాక మాత్రం తన మీద తనకే అసహ్యం వేసింది. పుస్తకాల్లో రాసినన్నేళ్ళూ ఏ రోగి గురించీ ఒక్క తప్పు మాట రాయని చెయ్యి అది.

ఇప్పుడు ఆమెకి అంతా అర్థమైంది. జ్వరం వచ్చినప్పుడు తన ఇళ్ళు కొత్తమ్మాయికి అప్పగించింది. ఏ ఇంటి మెట్లు ఎలా ఉంటాయో, ఎవరిని ఏ పక్కకి తిప్పాలో అన్నీ చెప్పింది. వంతుల సంగతి చెప్పడం మరిచిపోయింది.

కొత్తమ్మాయి మెట్ల దగ్గరే ఎదురై ఏడుపు మొహం పెట్టింది. "మాష్టారు వెళ్ళినప్పుడల్లా జోకులేసి నవ్వించారక్కా. మెరుగ్గానే ఉన్నారనుకుని నొక్కాను. మూడోసారి నొక్కగానే తెర మీద పూలు రాలాయి."

"నీ తప్పేం లేదులే. వెళ్ళు," అంది కట్లక్క. ఆ తప్పెవరిదో ఆమెకి తెలుసు.

పై గదిలో కార్యదర్శి కూడా ఉంది. మెత్తగా మాట్లాడే మనిషి. ఎదుటివాళ్ళ గొంతు కొయ్యవలసి వచ్చినా ముందు కూర్చోమని కుర్చీ చూపిస్తుంది.

"మాష్టారి నడుం మీది పుండు మానలేదండీ. పొరపాటున పచ్చగా పడింది. సరిచెయ్యండి," అంది కట్లక్క, కుర్చీలో కూర్చోకుండానే.

"కుదరదమ్మా," అన్నాడు తెర దొర తెరతోనే. "ఆయన మన వెయ్యో మనిషి. వెయ్యి మందికి నయం చేశామని నిన్ననే దాతలందరికీ తెలియజేశాం. వెయ్యిని తొమ్మిది వందల తొంభై తొమ్మిది చేస్తే మన విశ్వసనీయత ఏం కావాలి?"

"ఆయన నడుం ఏం కావాలండీ?"

కార్యదర్శి అందుకుంది. "ఎల్లుండి దాతలొస్తున్నారు. ఆ వెయ్యో మనిషిని చూడాలన్నారు, చిన్న ఫిల్ము కూడా తీస్తారు. మాష్టారు గోడకి ఆనుకుని కాసేపు కూర్చుంటే చాలు. నువ్వు పక్కన నిలబడి, 'నయమైనట్టు నిర్ధారించాను' అని ఫోనులో నొక్కు. నొక్కగానే నెలకి సరిపడా సామాను అక్కడే ఇచ్చేస్తాం. నెల తిరిగాక కొత్త రోగిగా మళ్ళీ చేర్చుకుందాం."

"నొక్కకపోతే?"

"తప్పుడు సమాచారం ఇచ్చారని రాయాల్సి వస్తుంది. ఆ ఇల్లు చూసేది నువ్వే కదా."

మాష్టారి గది మూడో అంతస్తులో, నీళ్ళ తొట్టి పక్కన. ఐదేళ్ళ కిందట ఆ మెట్ల మీంచే జారి నడుం విరగ్గొట్టుకున్నాడు. కాళ్ళల్లో స్పర్శ పోయింది గాని, నడుం దగ్గర నొప్పి పోలేదు. చెల్లెలు అట్టపెట్టెలు అతికించే చోట రోజుకూలీకి పోతుంది. కట్లక్క వెళ్ళేసరికి చెల్లెలు పొయ్యి మీద గుడ్డపీలికలు ఉడకబెడుతోంది. ఎవరో కోటు కుట్టమని ఇచ్చి మళ్ళీ రాని ఖరీదైన గుడ్డ. దాన్నే కత్తిరించి నాలుగు రోజులుగా కట్టు కడుతోంది.

కట్లక్క ఆ కట్టు విప్పి చూసింది. తను వదిలి వెళ్ళినప్పుడు నిమ్మకాయంత ఉన్న గొయ్యి ఇప్పుడు పిడికిలి పట్టేంత అయింది. చుట్టూ నల్లబడింది. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమ్మాయ్, నాకు నయమైందటగా?" అన్నాడు మాష్టారు దిండులోంచి. "ఊరందరికీ తెలిసింది, నాకే ఆలస్యంగా తెలిసింది."

కట్లక్క మొత్తం చెప్పింది. దాతల సంగతి, ఫిల్ము సంగతి, నెల సామాను సంగతి, ఏదీ దాచలేదు.

"ముప్పై ఏళ్ళు మిషను ముందు కూర్చున్నవాణ్ణి. కాసేపు కూర్చోలేనా?" అన్నాడాయన.

"ఈ పుండు మీద కూర్చుంటే ఇంకా లోపలికి పోతుంది మాష్టారూ. పైగా అబద్ధం."

"అబద్ధం వాళ్ళది. గుడ్డలు మనవి. నువ్వు మొహమాటపడకు."

చెల్లెలు ఉడుకుతున్న పీలికలని కర్రతో ఒత్తుతూ, "నెలకి సరిపడా అంటే ఎన్నొస్తాయక్కా?" అని మాత్రం అడిగింది.

కట్లక్క ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది?

పదకొండు గంటలకొస్తామన్న దాతలు పన్నెండున్నరకి వచ్చారు. పదకొండుకే కార్యదర్శి మనిషిని పంపి మాష్టారిని కూర్చోబెట్టించింది, ఇస్త్రీ చొక్కా తొడిగించింది. ఆ గంటన్నరా కదిలిస్తే మళ్ళీ సర్దడం కష్టమని పడుకోనివ్వలేదు. వచ్చిన ముగ్గురు దాతల్లో ఇద్దరు భార్యాభర్తలు, మూడో ఆయన ఎవరో చివరిదాకా తెలియలేదు. వాళ్ళ వెనక కార్యదర్శి, తెర దొర, కెమెరా మనిషి. గుమ్మం అవతల ఒక పెద్ద అట్టపెట్టె, దాని మీద కట్లక్క పేరు. చెల్లెలి కళ్ళు దాని మీదనుంచి కదలడం లేదు.

దీపాలు వెలిగించారు. మాష్టారు నవ్వాడు. వెలుగు చాలలేదన్నారు. ఇంకోసారి నవ్వాడు. వెనక బట్టలు ఆరేసిన తాడు కనిపిస్తోందని తీయించారు. మళ్ళీ నవ్వాడు. నుదుటి మీంచి చెమట కారి చొక్కా మెడ తడిసింది. ఆయన అలా పళ్ళు బిగించి నవ్వుతుంటే దాతగారి భార్య చేతులు జోడించి, "ఎంత ఆశావాదం!" అంది. పక్కన నిలబడ్డ కట్లక్కకి మాత్రం దుప్పటి కనిపిస్తోంది. నడుం కింద అరచెయ్యంత తడి మొదలై, చూస్తుండగానే మోకాళ్ళ వైపు పాకుతోంది.

"ఈయన మా వెయ్యో విజయం," అన్నాడు తెర దొర. రోగికి మొహమొకటి ఉంటుందని తెలియనట్టే, కెమెరా వైపు చూసి మాట్లాడాడు. "క్షేత్రస్థాయి కార్యకర్త ఇప్పుడు మీ ముందే నిర్ధారిస్తుంది. నొక్కమ్మా."

కట్లక్క ఫోను తీసింది. పచ్చటి గుండ్రం వెలుగుతోంది. నొక్కితే ఆ పెట్టె లోపలికొస్తుంది. నొక్కకపోతే పందొమ్మిదేళ్ళ ఉద్యోగం పోతుంది, ఈ మనిషి కోటుగుడ్డ పీలికలతోనే మిగులుతాడు. అన్నీ తెలుసామెకి. ఆ తడి మాత్రం ఆగలేదు.

"ఒక్కసారి ఆగమ్మా. ఇందాకటి నవ్వు సరిగ్గా పడలేదు," అన్నాడు కెమెరా మనిషి. "మాష్టారూ, ఇంకొక్కసారి."

మాష్టారు నోరు తెరిచాడు. నవ్వు రాలేదు. ఏదో చిన్న మూలుగు వచ్చింది.

కట్లక్క ఫోను కిటికీ గట్టున బోర్లించింది. మంచమెక్కి మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చంకల కింద చేతులు వేసి మెల్లగా కిందికి దించింది. ఒక పక్కకి ఒత్తిగిలించి దుప్పటి లాగేసింది. వాసన గదంతా నిండింది. దాతగారి భార్య గుమ్మం దాకా వెనక్కి నడిచింది.

"ఏం చేస్తున్నావ్? ముందు అది నొక్కు!" కార్యదర్శి గొంతులో మెత్తదనం పోయింది.

"నొక్కనండీ. ఈయనకి నయం కాలేదు."

"పిచ్చిదానా," అన్నాడు మాష్టారు, మొహం దిండులో ఉండగానే. "ఇంకో అయిదు నిమిషాలు నవ్వేవాణ్ణిగా."

కార్యదర్శి పెట్టె వెనక్కి తీసుకుపొమ్మని సైగ చేసింది. ఆమె మనిషి వంగేలోపు చెల్లెలు అందరినీ తోసుకుని వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చుంది. రెండు చేతులతో పెట్టె అంచులు పట్టుకుని కూర్చుంది. లేవమన్నారు. లేవలేదు.

కట్టు విప్పాలంటే ఒకరు మనిషిని పట్టుకోవాలి, ఒకరు కడగాలి. రోజూ చెల్లెలు పట్టుకునేది. కట్లక్క తల తిప్పి గుమ్మం వైపు చూసింది.

"సారూ," అంది. "ఆ పిల్లకి ఇప్పుడు వీలు కాదు. మీరొచ్చి ఈ భుజం పట్టుకోండి."

"నేనా?" అన్నాడు తెర దొర.

"మీరే. గట్టిగా పట్టుకోవాలి, జారితే నొప్పి. రండి."

కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది, దాన్ని ఆపమని చెప్పాలని ఎవరికీ తోచలేదు. దాతలు తెర దొర వైపు చూస్తున్నారు. తెర దొర తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. మాష్టారి బరువంతా మోచేతుల మీద మోస్తూ, వదలకుండా, కట్లక్క ఎదురుచూస్తోంది.